పసుపు రాసిన ఛాసిస్

తప్పు ముందే ఒప్పుకుంటే మిగతా కథ చెప్పడం సులువు. ఇరవై ఎనిమిదేళ్ళు పాత బండ్ల కింద దూరి, అవి కొనదగినవో కావో రాసిచ్చిన మనిషిని నేను. అలాంటి నేను ఒక శుక్రవారం పొద్దున, ఇబ్రహీంపట్నంలో, విరిగితే అతికించిన ఒక పికప్ బండి కింద వెల్లకిలా పడుకొని, సరిగ్గా ఆ అతుకుకే రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. పెట్టి, బయటికి పాకి, చొక్కా దులుపుకొని, 'ఛాసిస్ దృఢంగా ఉన్నది' అని రాసి సంతకం చేశాను. దండం దాకా భక్తి అనుకోవచ్చు. సంతకానికి మాత్రం తెలివితక్కువతనం తప్ప వేరే పేరు దొరకలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోనుతో ముప్పై ఫొటోలు తీసి పంపితే చాలట, రిపోర్టు దానంతట అదే తయారవుతుందట. మంచిదే. ఫోనుకు భక్తి ఉండదు. కానీ ఫోను కూడా పైన పూసిన రంగునే ఫొటో తీస్తుంది. అందుకని నా సంగతి మీకు కొంత పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మాది పాత బండ్ల మీద అప్పులిచ్చే కంపెనీ. ఎవరైనా పాత బండి కొనుక్కోవడానికి అప్పు అడిగితే, నేను పోయి ఆ బండిని చూసి రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టు కంపెనీ కోసం. కానీ కొనేవాళ్ళు అలా అనుకునేవాళ్ళు కాదు. పంపింది ఎవరైనా, వచ్చిన మనిషి తమ మనిషే అనుకునేవాళ్ళు. "సారు ఊ అంటే కొంటం, ఊహూ అంటే పోతం" అంటూ నా వెనకే నిలబడేవాళ్ళు. ఊకీ ఊహూకీ మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి. జీతం రెండింటికీ ఒకటే.

మా ఆఫీసులో ఇదే పని చేసే సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన పొట్ట ఆయనకంటే ముందు సర్వీసులో చేరినట్టుండేది. వంగడం ఆయనకు కుదరని పని. స్కూటర్ దిగకుండానే బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, మూడో చుట్టులో రిపోర్టు రాసేవాడు. "బండి కింద ఏముంటది రా, రోడ్డుంటది" అనేవాడు. ఆయన చూసిన బండ్ల మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. అదృష్టం కూడా ఒక అర్హతే. నా సర్టిఫికెట్లలో అది లేదు.

నాకు మాత్రం ఒక పద్ధతి ఉండేది, దాని మీద కొంచెం గర్వమూ ఉండేది. చెప్పిన టైముకు రెండు గంటల ముందే పోయేవాణ్ణి. అమ్మేవాళ్ళు ఇంజన్‌ను ముందే వేడి చేసి పెడితే, పొద్దున్నే స్టార్ట్ కాని రోగం దాగిపోతుంది. కాబట్టి ముందు బానెట్ మీద చెయ్యి. తర్వాత బండి కిందికి. చేతిలో చిన్న సుత్తి. ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పోయేవాణ్ణి. మంచి ఇనుము ఖంగుమంటుంది. అతుకు పడ్డ ఇనుము దగ్గుతుంది.

ఛాసిస్ అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. మా దగ్గర పికప్ అంటే ట్రాలీ ఆటోకు అన్న, లారీకి తమ్ముడు. ముందు ఇద్దరు సుఖంగా, ముగ్గురు కష్టంగా కూర్చునే క్యాబిన్. వెనక పైకప్పు లేని డాలా. అడుగున ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు ఇనుప దూలాలు. ఆ రెండింటినీ కలిపి ఛాసిస్ అంటాం. మొత్తం సంసారం వాటి మీదే. కొత్త రకం సోకు బండ్లు ఎన్ని వచ్చినా టమాటలకు, సిమెంటుకు, గొర్రెలకు, చేపలకు ఇప్పటికీ ఈ పాత తరహా పికప్పే దిక్కు. ఇంజన్ చెడితే బాగు చేయొచ్చు, గేరుబాక్సు మార్చొచ్చు. దూలం విరిగితే మాత్రం వెన్ను విరిగినట్టే. అందుకని కొనేవాళ్ళకు మొదట చెప్పేవాణ్ణి: పైన చూసి మురవొద్దు, కింద చూడాలె. చెప్పడం నా పని. వినడం నా పని అని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు ఎండాకాలం చివర మా ఆఫీసుకు ఆలుమగలు ఇద్దరు వచ్చారు. ఆయన చెరువులో చేపలు పడతాడు, డ్రైవింగ్ కూడా వచ్చు. మాట్లాడడం మాత్రం ఆయన భార్యకు అప్పగించాడు. ఆమె గంపతో మొదలుపెట్టి మీర్‌పేట్, బడంగ్‌పేట్ కాలనీల్లో పదిహేనేళ్ళుగా చేపలు అమ్ముతున్నది. ఏ కాలనీలో ఏ గేటుకు ఏ చేప కావాలో నోటికి చెప్పేది.

వాళ్ళ కష్టమేమిటంటే, చేపల సంఘం కాలనీలకు సరుకు పంపడానికి కిరాయి బండి పెట్టుకునేది. కిరాయి బండివాడు తనకు పొద్దు పోనప్పుడు వచ్చేవాడు. అప్పటికి చేపల కండ్లు తెల్లబడేవి. సంఘం పెద్దలు విసిగిపోయి ఆమెతో అన్నారట: "సొంత బండి తెచ్చుకో. మృగశిర కార్తె నాడు సరుకు మొత్తం నీకే ఇస్తం. ఆ రోజు మంచిగ నడిస్తే ఏడాదంత నీదే. చెడిపోతే మళ్ళ మా దగ్గరికి రాకు."

మృగశిర కార్తె నాడు మా వైపు చేప వండని ఇల్లు అరుదు. ఏడాదంతా చేప వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళు కూడా ఆ రోజు సంచి పట్టుకొని నిలబడతారు. అంటే ఆమె ఏడాది బతుకు ఒక్క పొద్దు మీద, ఆ పొద్దు ఒక బండి మీద, ఆ బండి నా సంతకం మీద ఆధారపడింది. ఇది అప్పుడు నాకు ఇంత వరసగా తట్టలేదు.

బండి మా ఊళ్ళోనే సాగర్ రోడ్డు మీద పాత బండ్ల యార్డులో ఉంది. యార్డు నడిపే బ్రోకర్ నలభై ఏళ్ళవాడు, నవ్వు ముఖం. ఆ రోజు శుక్రవారం. పది గంటలకని చెప్పి ఎనిమిదింటికే పోయాను.

"రా అన్న. నువ్వు ముందుగాల్నే వస్తవని ఎరికే" అన్నాడు. "బానెట్ మీద చెయ్యి పెట్టు. ఐసుగడ్డ లెక్క ఉంటది."

అలాగే ఉంది. నా పద్ధతి నాకంటే ముందే యార్డుకు చేరిందని అప్పుడే గ్రహించాల్సింది. నేను సంతోషించాను.

బండికి అప్పుడే పూజ అయింది. ముందు పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు, పక్కన కొట్టిన కొబ్బరికాయ, సాంబ్రాణి పొగ ఇంకా తేలుతున్నది.

"పూజ ఎవరు చేయించిన్రు తమ్మీ?"

"నేనే అన్న. శుక్రవారం గద. ఆడబిడ్డ కొంటున్నది. పసుపు కుంకుమతోని సాగనంపుదామని."

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నేను ఆగలేదు, మీరైనా ఆగండి. బండికి పూజ కొన్నవాళ్ళు చేసుకుంటారు. కొన్న తర్వాత చేసుకుంటారు. అమ్మేవాడు, అదీ అమ్ముడుపోకముందు, తన చేతి కొబ్బరికాయ కొట్టి పూజ చేయించడం నా సర్వీసులో అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. చూడలేదు గనక అనుమానించాలి. నేను మెచ్చుకున్నాను. ఈ కాలంలో కూడా ఇంత మర్యాద ఉందా అనుకున్నాను.

సంచి పరుచుకొని కిందికి దూరాను. కుడి దూలం కొస నుంచి కొస దాకా సుత్తితో కొట్టాను. ఖంగు, ఖంగు, ఖంగు. ఎడమ దూలానికి వచ్చాను. క్యాబిన్ వెనక జానెడు మేర మందంగా పసుపు ముద్ద, దాని మీద వరసగా అయిదు కుంకుమ బొట్లు. సుత్తి ఎత్తాను.

పైనుంచి బ్రోకర్ గొంతు వినిపించింది: "అన్న, జర పసుపు రాలకుంట సూడు. పూజ అయి అర్ధగంట గూడ కాలే."

సుత్తి దించాను. పసుపు బానెట్‌కు రాస్తారు, స్టీరింగ్‌కు రాస్తారు, చక్రాలకు రాస్తారు. దుమ్ము తప్ప ఎవరూ చూడని ఛాసిస్ కింది భాగానికి ఎందుకు రాశారు? ఈ ప్రశ్న వచ్చింది. దేవుడికి ఈ చోటు ఆ చోటు అని భేదం లేదు కదా అన్న జవాబు కూడా వెంటనే వచ్చింది. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే దండం పెట్టాను. మా సీనియర్ బండి చుట్టూ ప్రదక్షిణ చేసేవాడు. నేను ఆయన్ను మించి కింద సాష్టాంగం దాకా పోయాను, కాకపోతే తిరగేసి.

పది గంటలకు ఆలుమగలు వచ్చారు. ఖాళీ బండిని బొంగ్లూరు దాకా నడిపి తెచ్చాం. ఇంజన్ నిజంగా బాగుంది. ఆ అబద్ధంలో అదొక్కటే నిజం. ఆమె డాలా చుట్టూ తిరిగి, చేత్తో తట్టి, నన్ను అడిగింది:

"సారు, మా బరువు మోస్తదా గిది?"

"మీ చెరువంత ఎత్తిపెట్టినా మోస్తదమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆ మాటను జాగ్రత్తగా దాచుకుంది.

*

మృగశిర కార్తె రోజు పొద్దున ఏడు గంటలకు ఫోన్ వచ్చింది.

"సారు, నీ బండి నడుమిరిగింది. రా."

కొన్నప్పుడు వాళ్ళది. విరిగినప్పుడు నాది. నాకు అన్యాయంగా అనిపించలేదు.

నాదర్‌గుల్ దాటాక, బడంగ్‌పేట్ ఇంకా కొంచెం దూరం ఉందనగా, ఒక స్పీడ్ బ్రేకర్ పక్కన ఉంది బండి. క్యాబిన్ ఆకాశం వైపు చూస్తున్నది, డాలా నేల వైపు చూస్తున్నది. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఆలుమగల్లా ఉన్నాయి. డాలాలో క్రేట్ల నిండా చేపలు, మీద ఐసు, కింద నీళ్ళు ధార కడుతున్నాయి. ఆమె మొగుడు రోడ్డు పక్కన జాక్ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఎత్తడానికి ఏమీ మిగలలేదని ఆయనకు అర్థమైంది.

నేను నేరుగా కిందికి దూరాను. ఎడమ దూలం, క్యాబిన్ వెనక. పసుపు ఎండి పెచ్చులుగా రాలిపోయింది. పసుపు రాలిన చోట పాత వెల్డింగ్ కనిపించింది. వెల్డింగ్ విడిపోయిన చోట అవతలి వెలుతురు కనిపించింది.

బయటికి వచ్చేసరికి ఆమె నిలబడి ఉంది.

"చెరువంత మోస్తదన్నవ్ గద సారు. ముప్పై క్రేట్లు మోయలే."

"తప్పు నాదే చెల్లె."

"తప్పు నీదే అని నాకెరికే. గది కాదు. ఐసు కరిగిపోతున్నది. నీ బండికి తరాజు ఎత్తొస్తదా, రాదా?"

ఈసారి నా బండి అంటే ఆ విరిగిన పికప్ కాదు, నా ఒళ్ళే అని అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ఆమె అప్పటికే ఫోన్లు చేసేసింది. బడంగ్‌పేట్ కాలనీల నుంచి స్కూటర్ల మీద, ఆటోల్లో జనం సంచులతో రావడం మొదలైంది. ఆమె కత్తిపీట ముందు కూర్చుంది. మొగుడు క్రేట్లు దించాడు. ఇస్త్రీ చొక్కాతో, జేబులో కంపెనీ కార్డుతో నేను తూకం వేసే తరాజు పట్టుకున్నాను.

"కొత్త మనిషిని పెట్టినవా అక్క? జర మంచిగ జోకమను" అన్నది ఒక కాలనీ ఆవిడ.

"గాయన జోకుడే పని. ఇరవై ఏడేండ్ల సంది జోకుతున్నడు" అన్నది ఈమె, బొచ్చె చేప తల కొడుతూ. "గిప్పుడిప్పుడే నేర్సుకుంటున్నడు."

మధ్యాహ్నం దాకా తూకం జోకాను. మొగ్గు ఎప్పుడూ కొనేవాళ్ళ వైపే చూపించానని, తన వైపు ఒక్కసారీ చూపించలేదని ఆమె తర్వాత అన్నది. నిజాయితీగా చెప్పాలంటే, కొనేవాళ్ళకు నా చేతుల మీదుగా సరైన న్యాయం జరిగిన రోజు అదొక్కటే.

అయినా సరుకులో సగమే అమ్ముడుపోయింది. మీర్‌పేట్‌లో ఆమె కోసం నిలబడ్డవాళ్ళు ఇంకెక్కడో కొనుక్కొని పోయారు. మిగతా సగం ఐసుతో పాటే పాడైపోయింది. సాయంత్రం సంఘం పెద్దలు తిట్టలేదు, అరవలేదు. మర్నాటి నుంచి పాత కిరాయి బండినే మళ్ళీ పిలిచారు.

*

బ్రోకర్ దగ్గరికి పోయాను. ఛాయ్ తెప్పించాడు.

"తమ్మీ, ఆ పసుపు కింద వెల్డింగ్ ఉన్నది."

"ఉన్నదా?"

"నీకు తెల్వదా?"

"నాకేమెరుక అన్న. నేనేమన్న మెకానిక్‌నా? పూజ చేసినోణ్ణి. చూసినోడివి నువ్వు." నవ్వు ముఖం అలాగే ఉంది. "పసుపు తుడువకుమన్న, చూడకుమన్ననా? ఛాసిస్ దృఢంగ ఉన్నదని సంతకం ఎవలది?"

లేచి పోతూ గోడ వైపు చూశాను. నా రిపోర్టు జిరాక్సు తీసి, లామినేషన్ చేయించి వేలాడదీశాడు. పైన పెద్ద అక్షరాలతో: ఇక్కడి బండ్లు ఈ సారు చూసి ఓకే చేసినవి. కంపెనీ నాకు అంతవరకు ఇవ్వని గౌరవం అది. ఇరవై ఏడేళ్ళకు నా సంతకానికి ఒక గోడ దొరికింది.

తీసెయ్యమన్నాను. "పేరున్న మనిషివి అన్న, ఉండనీయ్" అన్నాడు.

ఆఫీసులో మేనేజర్ వివరణ రాయమన్నాడు. 'పసుపు ఉన్నందున సుత్తితో కొట్టలేదు' అని ఉన్నదున్నట్టు రాశాను. చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకొని చదివాడు. "ఇది పై ఆఫీసుకు పంపలేను. 'అధిక లోడు వల్ల' అని రాయండి" అన్నాడు. అంటే తప్పు ఆమెదని రాయాలి. నేను రాయలేదు. నా వివరణ ఎక్కడికీ పోకుండా ఆయన సొరుగులోనే ఉండిపోయింది. మా సీనియర్ మాత్రం ఓదార్చాడు. "అందుకే చెప్పిన, వంగకురా అని. వంగకపోతే పసుపు కనవడకపోవు. కనవడకపోతే దండం పెట్టకపోతువి."

తర్వాత నేను చేయగలిగింది చేశాను. ఆ బండిని తెలిసిన వెల్డింగ్ షాపుకు ఈడ్పించి, దూలానికి రెండు పక్కలా మందపాటి ఇనుప పలకలు వేయించాను. వెల్డర్ మంచివాడు. మంచివాడు గనక నిజం చెప్పాడు: "నడుస్తది అన్న. సగం బరువుకే. నిండ ఏస్తే మళ్ళ పోతది."

సగం బరువుతోనే రెండేళ్ళు నడిపారు. సంఘం ఇచ్చే సరుకు ఆమెకు లేదు. మొగుడు సొంతంగా పట్టినవి, అటు ఇటు దొరికినవి ఏరుకొని కాలనీలకు పోయేది. మధ్యలో నేను రిటైరయ్యాను. శాలువా కప్పి, మేనేజర్ మాట్లాడుతూ, ఇన్నేళ్ళలో నా మీద ఒక్క ఫిర్యాదు కూడా రికార్డులో లేదన్నాడు. సొరుగు రికార్డు కాదు కదా.

*

రిటైరైన మరుసటి ఎండాకాలం బ్రోకర్ మా ఇంటికి వచ్చాడు. పండ్లు తెచ్చాడు.

"అన్న, ఒక బండి చూడాలె."

"నేను పని బంద్ చేసిన తమ్మీ."

"కంపెనీకి కాదన్న. నాకే. మా బామ్మర్దితోని నీళ్ళ క్యాన్ల ధందా పెట్టిస్తున్న. ఇది అమ్ముడుకు కాదు, ఇంట్ల నడుపుకునుడుకు." గొంతు తగ్గించాడు. "అందుకే నిజం చెప్పెటోడు కావాలె."

ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో ఏ వెటకారమూ లేదు. నేను వెతికాను.

బండి కొంగరకలాన్‌లో ఉంది. అక్కడ కలెక్టర్ ఆఫీసు వచ్చాక చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి. బండి యజమాని కూరగాయల రైతు. పక్క పొలాలన్నీ ప్లాట్లయ్యాక బోరు ఎండి, సాగు మానేశాడు. కూరలు లేకపోయాక పికప్ రేకుల షెడ్డులో నిలబడిపోయింది. వారానికోసారి స్టార్ట్ చేసి, తుడిచి, మళ్ళీ ఆపేస్తాడట. మేం పోయినప్పుడు కూడా తుడుస్తూనే ఉన్నాడు.

షెడ్డు బయటే బ్రోకర్ నా చెయ్యి పట్టుకొని ఆపాడు. "అన్న, నిజం నాకు చెప్పు. ఆయనకు మాత్రం ఛాసిస్ మీద జర అనుమానమున్నదని చెప్పు. రేటు దిగుతది."

"అడ్వాన్సు బయానా ఏమన్న ఇచ్చినవా?"

"చూడకుంట ఇస్తనా?"

"మంచిది" అన్నాను.

కిందికి దూరాను. పసుపు లేదు, కుంకుమ లేదు. నాలుగేళ్ళ ఎర్రమట్టి ఉంది. సుత్తితో ఎడమ దూలం, కుడి దూలం, అడ్డ దూలాలు కొట్టాను. గుడిగంటలా మోగింది. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీల్లో ఒక్కటి కూడా వంగలేదు. టమాటలు తప్ప బరువు తెలియని బండి. గంట లోపే నాకు తెలిసిపోయింది: నా సర్వీసు మొత్తంలో ఇలాంటి పాత పికప్‌లు నాలుగైదు చూసి ఉంటాను.

బయటికి వచ్చేసరికి రైతు అడిగాడు: "ఎట్లున్నది పటేలా మా బండి?"

బ్రోకర్ నా వైపు చూశాడు.

"ఇంక చూసేదున్నది" అన్నాను. అబద్ధం కాదు. చూడాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు.

తిరిగి వస్తుంటే బ్రోకర్ అడిగాడు: "ఇంకెంత సేపు చూస్తవ్ అన్న?"

"మూడు దినాలు."

"బండికి మూడు దినాలా?"

"కంపెనీదైతే గంట. నీది గద తమ్మీ. లోడు మీద చూడాలె, గుంతల రోడ్డు మీద చూడాలె. పోయినసారి లెక్క దండం పెట్టి ఊకుంటనా? రాతల ఇస్త."

అతనికి చాలా నచ్చింది. ఇంత శ్రద్ధ ఎవరు చూపిస్తారన్న అన్నాడు.

ఆ సాయంత్రం చేపలామెకు ఫోన్ చేశాను. మర్నాడు ఆలుమగలు నాకంటే ముందే కొంగరకలాన్ చేరారు. రైతుతో ముందే నిజం చెప్పాను: బండి బంగారం, కొనదలచిన ఇంకొకరు వచ్చారు, వీళ్ళు చేపలకు నడుపుతారు, ఎవరికివ్వాలో మీ ఇష్టం. బ్రోకర్ నన్ను ఏమనమన్నాడో కూడా చెప్పాను. రైతు తుడిచే బట్ట భుజాన వేసుకొని, బండి తాళాలు తెచ్చి బానెట్ మీద పెట్టాడు.

నేను సంచి పరిచి, కిందికి దూరబోయాను.

"నువ్వు జర దూరం నిలవడు అన్న" అన్నది ఆమె. సారు పోయి అన్న అయ్యాను, కానీ దూరంగా. కొంగు నడుముకు చెక్కి, చేపలు గీకే కత్తి పట్టుకొని తనే కిందికి దూరింది. ఛాసిస్ మొత్తం పొలుసు గీకినట్టు గీకుతున్న చప్పుడు వినిపించింది. కింది నుంచే అడిగింది:

"దీనికి పూజెప్పుడు చేసిన్రు పెద్దాయన?"

"కొన్ననాడు చేసినం బిడ్డా. గిప్పుడెందుకు?"

"ఏం లేదు. మంచిగనే చేసిన్రు."

మొగుడు తడి ఇసుక బస్తాలు నిండా వేసి, ఊరి చివర గుంతల రోడ్డు మీద మూడుసార్లు తిప్పాడు. దిగి వచ్చి, ఆ రెండేళ్ళలో నాతో మొదటిసారి మాట్లాడాడు. "దగ్గుతలేదు" అన్నాడు.

ఆమె బయటికి వచ్చి కత్తి తుడుచుకొని నా ముందు నిలబడింది. "గిది కొంటున్న. నువ్వు చెప్పినవని కాదు. నేను చూసిన."

"అట్లనే కొనాలె చెల్లె" అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పాల్సిన మాట అది. అప్పటికి కుదిరింది.

రైతు ఆమెకే ఇచ్చాడు. డబ్బు సంగతి వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకున్నారు. మూడో రోజు పొద్దున్నే బండి తీసుకుపోయారు. మృగశిర కార్తెకు ఇంకా పది రోజులుంది. మళ్ళీ రావొద్దన్న సంఘం పెద్దలను ఆమె ఏమీ అడగలేదట. బండిని వాళ్ళ ముందు ఆపి, డాలా తెరిచి, పక్కన నిలబడిందట. వాళ్ళు కిందికి వంగి వంగి చూశారట. ఒకాయన లేస్తూ, కార్తె నాడు పొద్దుగాల నాలుగింటికి రమ్మన్నాడట.

ఆ మూడో రోజు మధ్యాహ్నమే బ్రోకర్ రిపోర్టు కోసం వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి, ఛాయ్ ఇప్పించి, రెండు పేజీలు చేతికిచ్చాను. కంపెనీ ఫారం వరసలోనే, నా చేతిరాతతో, ఒక్క అక్షరం దాచకుండా రాశాను. అతను పెదవులు కదుపుతూ చదివాడు. ఇంజన్: చల్లగా ఉన్నప్పుడు మొదటి తిప్పుకే స్టార్ట్. గేరుబాక్సు: చప్పుడు లేదు. కమాన్ పట్టీలు: అన్నీ సరిగ్గా ఉన్నవి. ఛాసిస్: సుత్తితోనూ, కత్తితోనూ పరీక్షించడమైనది, ఎక్కడా అతుకు లేదు. ప్రతి వరసకూ అతని ముఖం వెలుగుతున్నది.

"మస్తు రాసినవ్ అన్న" అంటూ పేజీ తిప్పాడు.

రెండో పేజీలో రెండే వరసలున్నాయి.

సిఫారసు: కొనదగినది.

ప్రస్తుత స్థితి: కొన్నారు.